మా ఆపా ఢాకా నుంచి ఏం తెచ్చింది

మా ఖాందాన్‌లో పాస్‌పోర్టు తీసుకున్న మొదటి ఆడమనిషి మా ఆపా. అదీ యాభయ్యో ఏట. హజ్‌కూ ఉమ్రాకూ కాదు, గల్ఫ్‌లో ఉన్న కొడుకును చూడ్డానికీ కాదు. బంగ్లాదేశ్‌లో పేద పిల్లలకు చదువు చెప్పే ఆడవాళ్లను చూసి రావడానికి. ఈ మాట మహల్లాలో ఎవరికీ ఎక్కలేదు. "కైకూ మా, కర్నూల్లో చదువు చెప్పేవాళ్లు లేరనా?" అని మా ఖాలా ముఖం మీదే అడిగింది. ఆపా నవ్వి ఊరుకుంది.

ఆపా సర్కారీ ఉర్దూ మీడియం ప్రైమరీ బడిలో ఉస్తానీ. ఇరవై అయిదేళ్లకు పైగా అదే పని. నేనూ పదో తరగతి దాకా ఉర్దూ మీడియంలోనే చదివాను. తర్వాత డిగ్రీలో తెలుగు తీసుకుని, అఖ్బార్ ఉద్యోగంలో పడి, రోజూ తెలుగు రాసుకుంటూ బతుకుతున్నాను. కాబట్టి ఆపా బాధ నాకు కొంత తెలుసు. పూర్తిగా తెలిసింది మాత్రం ఆ సఫర్‌లోనే.

ఆమె బాధ ఇది. మన పిల్లలు నాలుగైదేళ్లకే ఫజర్ తర్వాత మక్తబ్‌కు పోతారు. ఖాయిదా ముగించి, అమ్మపారా పట్టి, ఎనిమిదేళ్లకల్లా నాజ్రా ఖురాన్ ఖతమ్ చేసే పిల్లలు మన ఇళ్లలో తక్కువేం కాదు. ఇంట్లో మిఠాయి పంచుతారు. "మాషా అల్లాహ్, మా పోట్టీకి చదవడం వచ్చేసింది" అని అమ్మీలు మురిసిపోతారు. అదే పాపకు బడిలో రెండో జమాత్ ఉర్దూ కితాబ్ ఇస్తే మొదటి లైన్లోనే ఆగిపోతుంది.

ఎందుకంటే ఖురాన్‌లో జేర్, జబర్, పేష్ అన్నీ వేసి ఉంటాయి. చూసింది చూసినట్టు పలికేయొచ్చు. ఉర్దూ కితాబ్‌లో ఆ ఏరాబ్ ఉండవు. సీన్, రే - రెండక్షరాలు పక్కపక్కన ఉంటే అది సర్ అంటే తల కావచ్చు, సుర్ అంటే రాగం కావచ్చు. ఏదన్నది వాక్యం అర్థమైతేనే తెలుస్తుంది. తెలుగులో అయితే గుణింతం కళ్లముందే ఉంటుంది, ఈ చిక్కు లేదు. పైగా ఉర్దూ హర్ఫ్ మాట మొదట్లో ఒక రూపం, మధ్యలో ఒక రూపం, చివర ఒక రూపం. వీటన్నిటి మీదా ఇంకో బరువు ఉంది. పిల్ల ఇంట్లో మాట్లాడేది దక్కనీ. "నక్కో", "కైకూ", "హౌ", "పోట్టా". కితాబ్‌లో ఉండేది "నహీఁ", "క్యోఁ", "హాఁ", "లడ్కా". బజారుకు పోతే తెలుగు. అంటే ఆరేళ్ల పిల్లకు అరబీ లిపి పలకడం వచ్చు, అర్థం రాదు. దక్కనీ అర్థమవుతుంది, అది ఎక్కడా రాసి ఉండదు. తెలుగు చెవికి తెలుసు, కంటికి తెలియదు. ఇన్ని జబాన్‌ల మధ్య పుట్టిన పిల్లను పట్టుకుని మనం "ఈ పిల్లకు దిమాగ్ లేదు" అనేస్తాం.

ఆపా దగ్గరికి ఇలాంటి పిల్లలు ఏటా వస్తారు. రావడం కూడా తగ్గింది. ఫీజులు కట్టగలిగిన వాళ్లు ఇంగ్లిష్ మీడియంకు పోతున్నారు. 2018 నాటికి ఆపా బడిలో పిల్లలు ఇరవైకి అటూ ఇటూగా మిగిలారు. తక్కువ మంది ఉన్న బడుల్ని పక్క బడిలో కలిపేస్తారన్న మాట ఏటా జూన్‌లో వినపడుతుంది. ఆ పక్క బడి హైవే అవతల ఉంది. లారీలు పరిగెత్తే రోడ్డు దాటించి ఆడపిల్లల్ని ఎవరూ పంపరు. బడి పోతే ఆ పిల్లలు వేరే మీడియంలో చేరరు. ఇంట్లో తమ్ముణ్ని ఎత్తుకుని కూర్చుంటారు, లేదా అగర్‌బత్తీలు చుట్టడానికి కూర్చుంటారు. ఆపా భయం అదీ.

ఆమెకు ఇద్దరు ఉస్తాదులున్నారు, ఇద్దర్నీ చూడలేదు. ఒకరు బేగం రుఖయ్యా సఖావత్ హుసేన్. బంగాలీలు రొకేయా అంటారు. ఆమె గురించి ఆపా ఎప్పుడో ఒక ఉర్దూ రిసాలాలో చదివి ఆ పేజీ చింపి దాచుకుంది. రెండో ఉస్తాద్ ఒక మనిషి కాదు. బ్రాక్ అనే సంస్థ నడిపే ఒంటిగది బడుల్లో పాఠాలు చెప్పే వేల మంది పల్లెటూరి ఆడవాళ్లు. ఒక టీచర్ ట్రైనింగ్‌లో ఆ బడుల మీద చిన్న ఫిలిం చూపించారట. అప్పట్నుంచి ఆమెకు అదే ధ్యాస.

ఖర్చుకు ఆపా జీపీఎఫ్‌లోంచి డబ్బు తీసింది. పరాయి దేశం పోవాలంటే సర్కారీ ఉద్యోగికి ఇజాజత్ కావాలి కదా. ఫైలు నెలల తరబడి ఒక టేబుల్ మీద కూర్చుంది. "అమెరికా, లండన్ అంటే సరే మేడం, బంగ్లాదేశ్ ఏంటి?" అని అడిగారు. ఆ ప్రశ్నలో ఇంకో ప్రశ్న ఉంది. బుర్ఖా వేసుకున్న ఉస్తానీ బంగ్లాదేశ్ పోతానంటే ఈ రోజుల్లో జనం మనసులో ఏం తిరుగుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆపా మాత్రం "అక్కడ ఆడపిల్లల్ని బడికి ఎలా రప్పించారో చూసి వస్తాను సార్" అని ఒకే జవాబు ప్రతిసారీ ఇచ్చింది. చివరికి సంతకం పడింది.

అమ్మీ ఒక షరతు పెట్టింది. మెహ్రమ్ లేకుండా కుదరదని. అలా నేను సెలవు పెట్టి తమ్ముడి హోదాలో బయల్దేరాను. వీసా ఫారంలో పేషా దగ్గర జర్నలిస్టు అని రాసేసరికి నాకే ఎక్కువ సవాళ్లు వచ్చాయి. ఉస్తానీకి తొందరగా అయిపోయింది.

ముందు కలకత్తా దిగాం. ఢాకా రైలుకు ఒక రోజు టైముంది. ఆపా లార్డ్ సిన్హా రోడ్డుకు పోదామంది. అక్కడ సఖావత్ మెమోరియల్ బాలికల బడి ఉంది. లోపలికి పోలేదు, గేటు దగ్గరే నిలబడ్డాం. యూనిఫాంలో ఆడపిల్లలు గలగలా మాట్లాడుకుంటూ బయటికొస్తున్నారు. ఆపా ఆ కథ నాకు అక్కడే చెప్పింది.

రుఖయ్యా 1880లో రంగ్‌పూర్ జిల్లా పైరాబంద్‌లో జమీందారీ ఇంట్లో పుట్టింది. ఆ ఇంట్లో ఆడపిల్లలకు అరబీ, ఉర్దూ వరకే. బంగ్లా, ఇంగ్లిష్ చదవడం షరాఫత్ కాదనుకునేవాళ్లు. పెద్దన్న రాత్రి అందరూ పడుకున్నాక దీపం పెట్టుకుని చెల్లెలికి దొంగచాటుగా నేర్పాడు. ఆమె ఇంగ్లిష్‌లో రాసిన 'సుల్తానాస్ డ్రీమ్' 1905లో అచ్చయ్యింది. ఎక్కడో తెలుసా? మద్రాసు నుంచి వచ్చే ఇండియన్ లేడీస్ మ్యాగజైన్‌లో. దాన్ని నడిపిన కమలా సత్యనాథన్ రాజమండ్రి ఆడబిడ్డ. ఈ సంగతి నేను చెబితే ఆపా ముఖం వెలిగిపోయింది. "అంటే మన తెలుగామె చేతి మీదుగానే లోకానికి తెలిసిందా!" అంది.

1909లో షౌహర్ పోయాడు. ఆయన బడి కోసమని విడిగా ఉంచిన డబ్బుతో అదే ఏడు భాగల్‌పూర్‌లో రుఖయ్యా బడి పెట్టింది. పిల్లలు ఎంతమంది? అయిదుగురు. ఇంటి తగాదాలతో అక్కణ్నుంచి వచ్చేసి 1911లో కలకత్తాలో మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి ఎనిమిది మంది. ఇల్లిల్లూ తిరిగి, "మీ పిల్లల్ని పర్దాలోనే తీసుకెళ్లి పర్దాలోనే దింపుతాను" అని అమ్మానాన్నల్ని బతిమాలి బండి పెట్టించింది. 1932 డిసెంబర్ 9న కన్నుమూసే దాకా అదే పని.

"అయిదుగురు" అంది ఆపా గేటు వైపు చూస్తూ. "నాకింకా ఇరవై మంది ఉన్నార్రా."

మరుసటి పొద్దున మైత్రీ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. కస్టమ్స్, ఇమిగ్రేషన్ అన్నీ కలకత్తా స్టేషన్లోనే అయిపోయాయి. సరిహద్దు దాటినా పొలాలు అవే, కుంటలు అవే, అరటిచెట్లు అవే. ఢాకా కంటోన్మెంట్ స్టేషన్లో దిగేసరికి సాయంత్రమైంది. అది ఫిబ్రవరి నెల. ఢాకాలో ఫిబ్రవరి అంటే జబాన్ నెల. బంగ్లా అకాడమీ దగ్గర నెలంతా కితాబుల మేళా జరుగుతుంది. ఎక్కడ చూసినా బంగ్లా అక్షరాల బొమ్మలు.

అక్కడ మాకు ఒక ఇబ్బంది ఎదురైంది. మాకు బంగ్లా రాదు. నోరు తెరిస్తే ఉర్దూ వస్తుంది. మన ఊళ్లో ఉర్దూ అంటే గరీబోళ్ల జబాన్, బళ్లు మూతపడుతున్న జబాన్. ఢాకాలో ఉర్దూ అంటే ఒకప్పటి హుకుమ్. 1948 మార్చి 21న జిన్నా ఢాకా రేస్‌కోర్స్ మైదానంలో నిలబడి పాకిస్తాన్‌కు ఉర్దూ ఒక్కటే రాజభాష అని ప్రకటించాడు. 1952 ఫిబ్రవరి 21న బంగ్లా కోసం జులూస్ తీసిన విద్యార్థుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. బర్కత్, సలామ్, రఫీఖ్, జబ్బార్ - ఆ నేలకొరిగిన వాళ్ల పేర్లు చూడండి. మన మహల్లాలో పిలిచే పేర్లే. ముసల్మాన్లే ముసల్మాన్ల జబాన్ నొక్కేస్తే ముసల్మాన్లే జాన్ ఇచ్చారు. 1999లో యునెస్కో ఆ తారీఖునే ప్రపంచ మాదరీ జబాన్ దినంగా ప్రకటించింది.

21న తెల్లవారుజామున మేమూ షహీద్ మినార్‌కు పోయాం. జనం చెప్పులు విడిచి, చేతుల్లో పూలతో నడుస్తున్నారు. ఆపా కూడా చెప్పులు విప్పి బ్యాగులో పెట్టుకుంది. నేను ఏ జబాన్‌లో అలిఫ్ బే దిద్దానో ఆ జబాన్ పేరు మీద జరిగిన జుల్మ్‌కు కట్టిన నిషానీ ముందు నిలబడటం మామూలు సంగతి కాదు. ఉర్దూ మీద నాకు మొహబ్బత్ ఏం తగ్గలేదు. మొహబ్బత్ వేరు, జబర్దస్తీ వేరు అని మాత్రం కాళ్ల కింద చల్లటి రోడ్డు చెప్పినట్టనిపించింది. ఉర్దూ రాకపోతే ముసల్మానే కాదన్నట్టు, తెలుగు మాట్లాడే దూదేకుల భాయ్‌ల మీద మన దగ్గర విసిరే మాటలు కూడా అక్కడ గుర్తొచ్చాయి.

ఆ తర్వాత రెండు రోజులకు ఢాకాకు పడమర మాణిక్‌గంజ్ వైపు ఒక పల్లెకు తీసుకెళ్లారు. బ్రాక్ 1972లో, యుద్ధం ముగిసి కాందిశీకులు తిరిగొస్తున్నప్పుడు పుట్టిన సంస్థ. ఫజ్లే హసన్ అబేద్ మొదలుపెట్టాడు. పెద్దవాళ్లకు అక్షరాలు నేర్పబోతే తల్లులు "మా పిల్లల సంగతేంటి?" అని అడిగారట. అలా 1985లో 22 బడులతో మొదలైంది ఈ పని. తర్వాత వేల బడులయ్యాయి.

బడి అంటే ఏం ఊహించుకోకండి. అద్దెకు తీసుకున్న ఒంటి గది, రేకుల కప్పు. పిల్లలు చాపల మీద గుర్రపు నాడా ఆకారంలో కూర్చున్నారు. వెనక బెంచీ అన్నదే లేదు. ముప్పై మంది, ఎక్కువ మంది ఆడపిల్లలే. ఒకే ఉస్తానీ, ఆమెదీ ఆ ఊరే. పదో తరగతి చదివింది. కొద్ది రోజుల ట్రైనింగ్, తర్వాత నెలనెలా ఒక రోజు రిఫ్రెషర్. అయిదేళ్ల చదువును అదే ఉస్తానీ అదే పిల్లలకు నాలుగేళ్లలో ముగిస్తుంది. బడి టైము పెద్దాఫీసులో ఎవరో పెట్టింది కాదు. కోతలప్పుడు, వానలప్పుడు ఏ వేళ కుదురుతుందో తల్లిదండ్రులతో కూర్చుని పెట్టుకున్నది.

ఎంఏ, బీఈడీ చదివిన మా ఆపా వెళ్లి పిల్లల మధ్య చాప మీద కూర్చుంది. ఉస్తానీ ముందు ఒక బొమ్మ చూపించింది. పడవ, నది, ఒడ్డున ఆడమనిషి. పిల్లలు వాళ్ల ఇంటి యాసలో ఏదేదో చెప్పారు. ఆమె ఎవర్నీ దిద్దలేదు. నవ్వింది, తలూపింది, ఇంకా అడిగింది. అందరూ చెప్పాక వాళ్లు అన్న మాటల్లోంచే ఒకటి తీసి బోర్డు మీద రాసింది. దాన్ని విరిచి అక్షరాలు చూపించింది. తర్వాత పిల్లలు చిన్న గుంపులుగా విడిపోయారు. ప్రతి గుంపులో కాస్త బాగా వచ్చిన పిల్ల మిగతావాళ్లకు చెబుతోంది.

ఈ పద్ధతి వెనక బ్రెజిల్ మనిషి ఒకాయన ఉన్నాడు, పావులో ఫ్రేరే. బ్రాక్ మొదటి రోజుల్లో అబేద్ ఆయన రాతల ప్రభావంతోనే పెద్దల చదువు పాఠాలు మార్చుకున్నాడు. ఫ్రేరే 1963లో అంజికోస్ అనే ఊళ్లో మూడు వందల మంది కూలీలకు నలభై గంటల్లో చదవడం నేర్పించాడు. ఇటుకలు మోసేవాళ్లకు ఇటుక అన్న మాటతోనే మొదలుపెట్టేవాళ్లు. వాళ్ల భాషలో అది తిజోలు. దాంట్లోంచి త, తె, తి, తొ, తు. అచ్చంగా మన గుణింతమే. మాట మాత్రం వాళ్ల బతుకులోది. మరుసటి ఏడు సైన్యం గద్దెనెక్కి ఆయన్ను జైల్లో వేసి దేశం దాటించింది. కూలీ చదవడం నేర్చుకుంటే ఎవరికి భయమో ఆలోచించండి.

పాఠం అయ్యాక ఆ ఉస్తానీ మాకు భాపా పీఠా పెట్టింది. బియ్యప్పిండి, బెల్లం, కొబ్బరితో ఆవిరి మీద ఉడికించింది, మన కుడుముల్లాంటిది. ఆమెకు సినిమాల వల్ల హిందీ కొంచెం వచ్చు. ఆపా భయం భయంగా ఉర్దూలో అడిగింది. పిల్ల రాకపోతే ఏం చేస్తారని. ఆమె ఈ సవాల్ ఏంటన్నట్టు చూసింది. "సాయంత్రం ఇంటికి పోతాను" అంది. రెండో రోజూ రాకపోతే? "మళ్లీ పోతాను." తమ్ముణ్ని చూసుకోవాలంటే? "తమ్ముణ్ని కూడా తీసుకురమ్మంటాను." అంతే. దీనికి ఫిలిం అక్కర్లేదు, జీపీఎఫ్ అక్కర్లేదు. కానీ ఆ మాట అంత సులువుగా అనే మనిషిని ఎదురుగా చూడ్డం కోసమే ఆపా అంత దూరం వచ్చిందని నాకు అప్పుడు తెలిసింది.

ఢాకాలో చివరి సాయంత్రం మొహమ్మద్‌పూర్ జెనీవా క్యాంప్‌కు పోయాం. 1971 తర్వాత ఎటూ కాకుండా మిగిలిపోయిన ఉర్దూ మాట్లాడే బిహారీలు అక్కడ ఇరుకు గల్లీల్లో బతుకుతున్నారు. 2008లో హైకోర్టు తీర్పుతో పౌరులుగా ఓటు హక్కు దక్కింది. మా ఉర్దూ విని ఒక ముసలి నానీ పిలిచి కూర్చోబెట్టింది. మనవరాళ్లు ఉర్దూలో మాట్లాడుతున్నారు, బంగ్లాలో చదువుతున్నారు. "బంగ్లా రావాల్సిందే, ఇక్కడే బతకాలిగా బేటీ. నా ఖత్ మాత్రం వీళ్లెవరూ చదవలేరు" అంది. ఆపా బ్యాగులో తన బడి పిల్లల ఒకటో జమాత్ ఉర్దూ కితాబ్ ఉంది. అది తీసి నానీ చేతిలో పెట్టింది. ఆ రాత్రి హోటల్లో ఆపా చాలాసేపు జాయేనమాజ్ మీద కూర్చుంది.

ఇది జరిగి ఏడాది దాటింది. ఆపా తెచ్చిన సామాను చూద్దామని వచ్చిన చుట్టాలు జామ్‌దానీ చీర లేదేంటని నిరాశపడ్డారు. ఆమె తెచ్చింది బడిలో ఉంది. బెంచీలు గోడకు జరిపి చాపలు వేసింది. పొద్దున మొదటి అరగంట పిల్లలే మాట్లాడాలి, దక్కనీలో. వాళ్లన్న మాటల్ని ఆపా బోర్డు మీద ఉర్దూలో ఏరాబ్ వేసి రాస్తుంది, పక్కన తెలుగులో రాస్తుంది. "నక్కో" అన్న మాటను బోర్డు మీద మొదటిసారి చూసిన రోజు పిల్లలు పడీపడీ నవ్వారట. తమ ఇంటి మాట కూడా రాయొచ్చని వాళ్లకు తెలియదు. తర్వాత దాని కింద "నహీఁ" వచ్చింది, దాని పక్కన "వద్దు" వచ్చింది. నెల తిరిగేసరికి ఏరాబ్ ఒక్కొక్కటే తీసేయడం మొదలుపెట్టింది. పిల్లలు అర్థం పట్టుకుని చదువుతున్నారు.

వారానికి మూడు రోజులు అసర్ తర్వాత ఇళ్లకు పోతుంది. నాలుగో జమాత్‌లో మానేసిన ఒక ఆటో డ్రైవర్ కూతురు ఇప్పుడు చంకలో తమ్ముడితో సహా వస్తోంది. వాడు చాప మీద పడుకుంటాడు, ఆమె చదువుకుంటుంది. తనిఖీకి వచ్చిన ఒకాయన ఇదేం పద్ధతని కసురుకున్నాడు. "వాణ్ని పంపేస్తే ఈ పిల్లా పోతుంది సార్, లెక్కలో ఒకటి తగ్గుతుంది" అంది ఆపా. ఆయన ఇంకేం అనలేదు.

పోయిన జూన్‌లో బడి నిలిచింది. కొత్తగా ఆరుగురు చేరారు. వచ్చే జూన్ సంగతి అల్లాహ్‌కు ఎరుక. ఆపాకు ఇంకా కొన్నేళ్ల సర్వీసు ఉంది, ఆ తర్వాత ఆ బోర్డు దగ్గర ఎవరు నిలబడతారో తెలియదు.

మీతో ఒక గుజారిష్. మీ ఇంట్లో ఖురాన్ ఖతమ్ చేసిన పిల్లలుంటే వాళ్లకు దువా ఇవ్వండి, మిఠాయి పంచండి. ఆ సాయంత్రమే పక్కన కూర్చోబెట్టుకుని ఉర్దూలోనో తెలుగులోనో నాలుగు లైన్లు చదివించి, ఏం అర్థమైందో అడగండి. చెప్పలేకపోతే కోప్పడొద్దు. ఇంటి మాటలో అడిగి, ఆ మాటే కాగితం మీద రాసి చూపించండి. ఆడపిల్లైతే మర్నాడు కూడా అడగండి.